ఫిట్ కాగితం

పరంజా దిగుతూ జలంధర్ ఆఖరి మెట్టు తప్పాడు. కుడికాలు లోపలికి మడతపడింది. చూస్తుండగానే చీలమండ వాచి, బూటు విప్పడమే గగనమైపోయింది.

ఎముకకేం కాలేదన్నాడు ఎక్స్‌రే చూసిన డాక్టరు. లిగమెంట్ సాగిందట. మూడు వారాలు సిక్ లీవ్ రాశాడు.

ఊళ్లో జలంధర్ ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. ఈ ఉద్యోగం పోతే ఆ గోడలు అలాగే వానకు నానాలి. కుంటేవాణ్ని దోహాలో ఏ కంపెనీ ఉంచుకుంటుంది?

కానీ క్యాంప్ ఇన్‌చార్జి ఫర్హాన్ దేవుడిలా ఆదుకున్నాడు. ఎప్పుడూ చిటపటలాడే ఆ నిజామాబాద్ మనిషి, ఆ సాయంత్రం తనే ఐసు గడ్డలు తువ్వాలులో చుట్టుకుని రూముకొచ్చాడు. కాలి కింద రెండు దిండ్లు పెట్టాడు. నజ్మా బజారు దాకా వెళ్లి క్రేప్ బ్యాండేజీ కొనుక్కొచ్చాడు. రూమ్మేట్ తిరుమల్ పాపం నొప్పుల నూనె రాయబోతే కసిరాడు.

"రుద్దొద్దని డాక్టర్ చెప్పలే? ఇంకింత వాస్తది. ఐసు, పట్టీ, రెస్టు. గంతే!"

ఊరి నుంచి భార్య గంగాబాయి ఫోనులో పసుపూ సున్నం పట్టు వేసుకోమంది. ఫర్హాన్ సంగతి వినగానే ఏడ్చేసింది.

"గల్ఫ్‌ల గసొంటి సారు దొరికిండంటే మన అదృష్టమయ్యా. ఆయన మాట తీసెయ్యకు. జల్ది నయం జేస్కో."

వాపు తగ్గాక కసరత్తు మొదలైంది. బొటనవేలితో గాల్లో అక్షరాలు దిద్దడం. వేళ్లతో తువ్వాలు లాగడం. ఒంటికాలి మీద నిలబడటం. కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా డాక్టరు పదిసార్లన్నది జలంధర్ ముప్ఫైసార్లు చేసేవాడు. ఫర్హాన్ రోజూ వచ్చి చీలమండ నొక్కి చూసేవాడు. పక్క రూముల్లోంచి కొందరు పెట్టెలు సర్దుకుని వెళ్లారు. వేరే సైటుకి, అన్నాడు ఫర్హాన్.

"గంత తొందరెందుకన్నా? ఇంకో నెల లీవు రాపిచ్చుకో," అన్నాడు తిరుమల్ ఒకరోజు.

జలంధర్‌కి ఒళ్లు మండింది. "ఎందుకు రాపిచ్చుకోవాలె? నా జాగల మేస్త్రి పని నీకు కావాల్నా?"

తిరుమల్ మొహం మాడిపోయింది. ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో ఫర్హాన్‌ని చూసి నోరు మూసుకున్నాడు.

ఇరవయ్యో రోజున డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పాడు. మునివేళ్ల మీద నిలబెట్టాడు. గంతులు వేయించాడు. 'ఫిట్' అని రాసి సంతకం పెట్టాడు. జలంధర్ బస్సు దిగి క్యాంపు ఆఫీసుకి పరుగెత్తాడు. నిజంగానే పరుగెత్తాడు, కాలు ఎక్కడా కలుక్కుమనలేదు.

ఫర్హాన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. లేచి వచ్చి జలంధర్‌ని గట్టిగా వాటేసుకున్నాడు.

"మీ రుణం తీర్చుకోలేను సాబ్," అన్నాడు జలంధర్. "రేపటి సంది డ్యూటీకొస్త."

ఫర్హాన్ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టాడు. డ్రాయర్ తెరిచి, విమానం టికెట్ తీసి అతని ముందుకు తోశాడు.

"సిక్ లీవుల ఉన్నోన్ని పనిల నుంచి తియ్యొద్దని ఈడ రూలున్నది భాయ్, తీసేసేటోళ్ల లిస్టుల నీతోని ఉన్న మిగిలిన పదకొండు మంది ఎప్పుడో ఇండ్లకు పోయిండ్రు, నీ కాలు ఒక్కటే అడ్డమొచ్చింది."