బొమ్మకు సాక్షి

“సుమిదా నదిలో పడవెక్కితేనే వాంతి చేసుకునే మనిషి సముద్ర యుద్ధం బొమ్మ గీశాడట! కొనండి బాబూ, కొనండి!”

ఫోటోల కొట్టు కన్బెయ్ నడివీధిలో నిలబడి అరుస్తున్నాడు. ఎదురుగా ఒషిగె బొమ్మల కొట్టు. పొద్దున్నే దండేనికి తగిలించిన కొత్త అచ్చుబొమ్మ చుట్టూ జనం మూగారు. మూడు కాగితాలు పక్కపక్కన చేర్చిన పెద్ద బొమ్మ. చైనా ఓడ నడుం విరిగి మునుగుతోంది. మన జపానువాళ్ళ ఓడ నిప్పులు కక్కుతోంది. అలలు మబ్బుల్ని తాకుతున్నాయి.

“నీ ఫోటోల్లో ఏముందోయ్? ఓడ లంగరేసుకుని కునుకు తీస్తోంది!” గుమ్మంలోంచి కసిరింది ఒషిగె.

“కునుకు తీసినా అది నిజం ఓడ! మీ తోమెకిచి పేపర్లో నాలుగు ముక్కలు చదివి, మిగతాది సాకే సారా తాగి గీశాడు.”

బొమ్మ గీసిన తోమెకిచి తలుపు చాటున చెమటలు కక్కుతున్నాడు. కన్బెయ్ మాటల్లో అబద్ధం ఆ సారా ఒక్కటే. అతను తాగింది టీ. వెనకగదిలో అచ్చేసిన బొమ్మలు కప్పుదాకా ఉన్నాయి. ఇవాళ జనం నవ్వి వెళ్ళిపోతే, రేపు అవి చిలగడదుంపలు చుట్టుకోడానికే.

“మాటలెందుకు? ఆ యుద్ధం చేసొచ్చిన మనిషినే తెచ్చా!” కన్బెయ్ ఒక నావికుణ్ణి ముందుకు తోశాడు. “ఈ కుమాజో సెలవు మీద ఊరికి పోతున్నాడు. చెప్పు నాయనా, యుద్ధం ఇలాగే జరిగిందా?”

కుమాజో గోళ్ళ సందుల్లో నల్లటి మసి. “తుపాకిమందు ఇంకా వదల్లేదు, చూడండ్రా!” అని ఒక ముసలాయన చేతులు జోడించాడు.

కుమాజో బొమ్మను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. ముక్కు కాగితానికి తగిలేలా వంగి మళ్ళీ చూశాడు. తోమెకిచి కళ్ళు మూసుకున్నాడు.

“ఇలాగే,” అన్నాడు కుమాజో. “అచ్చం ఇలాగే.”

కన్బెయ్ గొంతు కీచుమంది. “సరిగ్గా చూడవయ్యా! అలలు అంతెత్తు లేస్తాయా?”

“అక్కడ నువ్వున్నావా, నేనున్నానా?”

అంతే, జనం ఎగబడ్డారు. కాసేపటికి దండెం ఖాళీ. కన్బెయ్ కొట్టు తలుపులు సగం మూసుకున్నాయి.

ఒషిగె కుమాజోను లోపలికి పిలిచి, టీ పోసి, పిండి ఉండలు పెట్టింది. తోమెకిచి అతని ముందు నేలకు తల ఆనించాడు.

“నా పరువు నిలబెట్టావు తండ్రీ. ఏం కావాలో అడుగు.”

కుమాజో గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఒక బొమ్మ ఇప్పించండి బాబూ. అందులో మన ఓడ ఏదో, ఎవరు ఎవర్ని కొట్టారో కాస్త వరసగా చెప్పండి. ఇంటికెళ్ళగానే ఊరంతా చుట్టూ కూర్చుని అడుగుతారు. యుద్ధం జరిగినంతసేపూ నేను ఓడ అడుగున బొయిలర్లోకి బొగ్గు ఎత్తిపోస్తున్నా!”