మూత నేనే తీస్తా

గన్‌ఫౌండ్రీ దగ్గరికి వచ్చేసరికి బండి మళ్ళీ నీరసించింది.

రాధాకృష్ణమూర్తి తన పాత మోటార్‌సైకిల్ యాక్సిలరేటర్ తిప్పాడు. బండి దగ్గింది. ఇంకాస్త తిప్పాడు. నడిరోడ్డు మీద పూర్తిగా ఆగిపోయింది. వెనకాల బస్సు కీచుమని బ్రేకు వేసింది. అతని మోచేతికీ బస్సుకీ మధ్య జానెడు జాగా మిగిలింది.

"పెద్దాయనా, ఇంట్ల చెప్పొచ్చినవా?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

మూర్తి బండిని పక్కకి లాగి, ఎండలో నిలబడి చెమట తుడుచుకున్నాడు. అటుగా పోతున్న స్కూటరతను జాలిపడ్డాడు. తన స్కూటర్ మీదే కూర్చుని, కాలు చాపి, ఈ బండిని ఆబిడ్స్ వెనక సందు దాకా తోసుకుంటూ వచ్చాడు. థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయాడు.

సందులో మెకానిక్ వెంకటేశం షెడ్డు.

"మళ్ల వచ్చిన్రా సార్!"

కిందటి చలికాలం నుంచి నడుస్తున్న భాగోతం ఇది. నాంపల్లిలో ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు బండి హుషారుగా పోతుంది. కొంతదూరం వచ్చాక ఊపిరాడనట్టు గింజుకుని ఆగిపోతుంది. షెడ్డులో మాత్రం బుద్ధిమంతురాలు. వెంకటేశం ప్లగ్గు మార్చాడు. కార్బొరేటర్ కడిగాడు. పెట్రోలు పైపు ఊది చూశాడు. రోగం దొరకలేదు.

బండికి తగ్గ మనిషే మూర్తి. దుమ్ము అట్టలు కట్టినా బండిని కడగనివ్వడు. ఇంకొకరిని నడపనివ్వడు. బంకులోనైనా షెడ్డులోనైనా ట్యాంకు మూత మీద వేరే చెయ్యి పడితే ఊరుకోడు. "మూత నేనే తీస్తా" అంటూ అంచులు పట్టుకుని జాగ్రత్తగా తిప్పి, పెట్రోలు చూపించి, మళ్ళీ తనే బిగిస్తాడు. చినుకు పడితే తన బట్టతల సంగతి తర్వాత, ముందు మూతకి ప్లాస్టిక్ కవరు తొడుగుతాడు. పెట్రోలు చుక్క ఎక్కడ పాడైపోతుందోనని బెంగ కాబోలు. పిసినారుల్లో ఎన్ని రకాలో!

బస్సు సంగతి విని వెంకటేశం పానా కింద పెట్టేశాడు.

"అమ్మెయ్యున్రి సార్. ఇయ్యాల బస్సు ఆగింది. రేపు ఆగకపోతే?"

"బండి ఇవ్వను."

"ఇంటికాడ అమ్మ ఏమంటలేదా? పొద్దంతా మీరు గీడనే కూసుంటరు."

"ఏమీ అనదు."

"కొట్లాట గిట్ల అయిందా ఏంది?" వెంకటేశం కన్ను గీటాడు.

మూర్తి నవ్వబోయి మానేశాడు.

"అయితే ఒక్కపారి నన్ను నడపనియ్యున్రి. నా చేతిల ఆగితెనే రోగం దొరుకుతది. లేకుంటే పాత సామాన్లోనికి ఇచ్చుడే ఇగ."

మూర్తి చాలాసేపు ఆలోచించాడు. బస్సు కీచుమన్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. తాళంచెవి ఇచ్చాడు.

"మూత మాత్రం..."

"ముట్ట సార్. మీరు జర చాయ్ తాగున్రి."

బండి సందు మలుపు తిరిగింది. మూర్తి చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చున్నాడు. ఎదుటి బెంచీ వాళ్ళు ఎవరి పెళ్ళి గురించో గట్టిగా వాదించుకుంటున్నారు. అతన్ని పలకరించినవాళ్ళు లేరు. పక్కన బండి లేకపోతే తను ఎంత ఒంటరివాడో అప్పుడు తెలిసొచ్చింది. చాయ్ మీద మీగడ కట్టింది. తాగబుద్ధి కాలేదు.

చాలాసేపటికి బండి చప్పుడు వినిపించింది. వెంకటేశం హారన్ కొట్టుకుంటూ వచ్చాడు.

"దొంగ దొరికిండు సార్! మొజంజాహి మార్కెట్ కాడ నా చేతిల గూడ ఆగింది. పెట్రోల్ ఉన్నదో లేదోనని మూత తీసిన. మాట తప్పిన, ఏమనుకోకున్రి. తియ్యంగనే సుయ్యిమని గాలి లోపటికి పోయింది. కిక్ కొడితే స్టార్ట్!"

మూర్తి లేచి నిలబడ్డాడు.

"మూతకు సన్న బెజ్జం ఉంటది. అందులకెల్లి గాలి పోతెనే పెట్రోల్ కిందికి దిగుతది. దసరాకు బండికి పూజ చేసి మూత మీద బొట్టు పెట్టిన్రు గదా, గా పసుపు కుంకుమ ఎండి బెజ్జం మూసుకున్నది. మీరు మూత తీసి సూపెట్టినప్పుడల్లా గాలి పోయి ఈడ మంచిగ నడుస్తుండె. పిన్నుతోని గీకి, పెట్రోల్ గుడ్డతోని తుడిచిన. సూడున్రి, ఎట్ల మెరుస్తున్నదో!"

నిజంగానే మెరుస్తోంది. మూర్తి అందులో తన మొహం చూసుకున్నాడు.

"ఇగ ఫికర్ లేదు. వచ్చే దసరాకు అమ్మకు చెప్పున్రి, బొట్టు హెడ్‌లైటుకు పెట్టమని."

"గుడ్డ ఏదీ?"

"ఏ గుడ్డ సార్?"

"తుడిచింది."

వెంకటేశం అయోమయంగా బండి పక్కపెట్టెలోంచి మురికి గుడ్డ తీసిచ్చాడు. ఒక మూల ఎర్రగా ఉంది. మూర్తి దాన్ని మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బండి ఎక్కాడు.

గన్‌ఫౌండ్రీ దగ్గర బండి ఆగలేదు. ఎక్కడా దగ్గలేదు. నాంపల్లిలో ఇంటి ముందు తనే ఆపి, తలుపు తాళం తీసి, లోపలికి వెళ్ళకుండా గడప మీదే కూర్చుండిపోయాడు.

కిందటి దసరాకి ఆ మూత మీద బొట్టు పెట్టిన భార్య శేషారత్నం దీపావళికి లేదు. ఆ కుంకుమలో ఆమె వేలిముద్ర మాత్రం ఇవాళ పొద్దుటి దాకా ఉంది.