ఎవరూ ఎక్కని స్టాపు

"ఈ స్టాపులో మూడు నెలలుగా ఒక్కరూ ఎక్కలేదు బాబాయ్. నువ్వేమో రోజూ రెండు నిమిషాలు బస్సు ఆపుతున్నావు. సోమవారం నుంచి స్టాపు ఎత్తేస్తున్నాం," అన్నాడు నా సర్వీసంత వయసు లేని డిపో మేనేజరు, కంప్యూటరు నా వైపు తిప్పి.

ఐదో తరగతితో బడి మానేసిన నాకు తెర మీది ఆ గీతలేం తెలుస్తాయి? ఆ స్టాపులో రోజూ నా కూతురు నిలబడుతుంది. నాతో మాట్లాడి నాలుగేళ్లయింది. నా వెనక వచ్చే బస్సు కోసమేమో అనుకునేవాణ్ణి.

"ఓ అమ్మాయి ఉంటుందిగా," అన్నాను.

"కెమెరాలో చూశాం. ఏ బస్సూ ఎక్కదు. నీ బస్సు కదలగానే వెనక్కి వెళ్లిపోతుంది. నీ సెలవు రోజున అసలు రానే రాదు. పిచ్చిదేమో."

"పిచ్చిది కాదు, మొండిది. నా పోలిక."

ఆదివారం ఆ స్టాపులో, రెండు నిమిషాలు చాలవని, ఇంజను కట్టేసి కిందికి దిగాను.