బొండాల మర్యాద

“గ్లాసులు తియ్యకే పద్మా! గ్లాసు కనబడితే నీళ్లు గుర్తొస్తాయి.”

నరసింహమూర్తి గుసగుసకి పద్మావతి చేతిలో గ్లాసు గబుక్కున కొంగు కిందకి పోయింది. ముందుగదిలో కృపానందం మేష్టారూ, ఆయన భార్యా కూర్చున్నారు. ఇల్లు చూడ్డానికి వచ్చారు. వాళ్లకి నచ్చాలి. నచ్చి తీరాలి. కూతురు విజయకి ఏడో నెల. ఆ పిల్ల పురిటికి వచ్చేలోపు ఈ ఇంట్లోంచి బయటపడాలి.

ఇల్లు అమలాపురం శివార్లలో, ఒకప్పటి వరిచేలో ఉంది. మెరక చెయ్యాలంటే ట్రాక్టర్ల కొద్దీ మట్టి కొనాలి. కొనడమనే పని నరసింహమూర్తికి చిన్నప్పట్నుంచీ పడదు. సరిగ్గా అప్పుడే ఒక లారీవాడు తగిలాడు. ఆసుపత్రుల చెత్తా, పాత బ్యాటరీలూ కాల్చే బట్టీ నుంచి బూడిద తెచ్చి ఊరికే పోస్తానన్నాడు. పోశాక టీ కూడా వాడే ఇప్పించాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి నరసింహమూర్తి దేవుడి గది కంటే ముందు మెరక చూపించాడు. కొత్తపేట నుంచి వచ్చిన చుట్టాలతో సహా, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ లారీవాడి ఫోన్ నంబరు పంచిపెట్టాడు.

మూడు వానాకాలాలు గడిచేసరికి బోరు నీళ్లు తాగితే మేకు చప్పరించినట్టుండేది. కాకినాడలో పరీక్ష చేయించాడు. సీసం అన్నారు, కాడ్మియం అన్నారు. వాన పడ్డప్పుడల్లా బూడిదలోంచి కిందకి దిగుతున్నాయిట. కడుపుతో ఉన్నవాళ్లు అసలు తాగకూడదుట.

“కాచి తాగితేనండి?”

“ఇంకాస్త చిక్కబడతాయండి” అన్నాడు పరీక్ష చేసినాయన.

“మరెలాగండి?”

“ఆ బూడిదంతా తవ్వి తీసెయ్యాలండి.”

బూడిద మీద ఇల్లుంది. ఇంట్లో తనున్నాడు.

నీళ్ల టిన్నులు వేయించుకుంటే వీధంతా ఎందుకని అడుగుతుంది. ఆ తరవాత ఇల్లు ఎవడు కొంటాడు? అందుకని పాలవాడుక పెట్టుకున్నట్టు బొండాల వాడుక పెట్టుకున్నాడు. అంబాజీపేట ఏడుకొండలు రోజూ మోపెడ్ మీద గెల తెచ్చి దొడ్డిగుమ్మంలో దించుతాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. పెరట్లో సొంత చెట్లు ఆ నీళ్లే పీల్చి విరగకాసి ఉండగా బొండాలు కొనుక్కు తాగే కుటుంబం కోనసీమ మొత్తం మీద తమదొక్కటేనని పద్మావతి సిగ్గుతో చితికిపోయేది.

“అమ్మా, కాసిని మంచినీళ్లు...” అన్నారు మేష్టారు.

“బొండం ఉండగా నీళ్లేంటండీ! మా ఇంటికొచ్చి తమరు నీళ్లు తాగెళ్లేరంటే మాకు నామర్దా అండి” అంటూ నరసింహమూర్తి కత్తి అందుకున్నాడు.

“ఆయ్! మర్యాదంటే తమరిదండి!” మేష్టారు బొండం ఎత్తి గుటగుటా తాగారు. “ఇల్లు బాగుందండి. నాకెలాగూ ఇక్కడికి బదిలీ అయింది. తమరేమో మా కొత్తపేటకి బదిలీ వేయించుకుంటానంటున్నారు. ఇంటికి ఇల్లు మార్చేసుకుందారండి. ఆదివారం తమరొచ్చి మాది చూసుకోండి.”

ఆదివారం వెళ్లారు. ఇల్లు దివ్యంగా ఉంది.

“మెరక కూడా బాగా వేయించేరండి” అన్నాడు నరసింహమూర్తి, అలవాటు కొద్దీ.

“ఆయ్” అన్నారు మేష్టారు. “ముందు మా చెట్లు చూడండి.”

చెట్లకి గెలలు కిందకి వాలి ఉన్నాయి. “ఒక్క కాయా కోసినట్టు లేదేంటండి?”

“తమరి కోసమే అట్టేపెట్టేమండి.”

నరసింహమూర్తికి కడుపు నిండిపోయింది. ఆ నిండిన కడుపులోకే మేష్టారి భార్య పళ్లెంలో తెచ్చిన బొండం కూడా పోసుకున్నాడు. “తమరు మాకు బొండాలిస్తే మేం నీళ్లిస్తావాండి?” అందావిడ.

తిరుగు బస్సులో పద్మావతి నసిగింది. “ఆ ఇంటి నీళ్లు రుచి చూళ్లేదు కదండీ.”

“మనం వాళ్ల నీళ్లడిగితే, వాళ్లు మన నీళ్లడగరూ?”

మళ్లీ తనే అంది. “వాళ్లింట్లో చంటి మనవలున్నారండి. పోనీ, ఉన్నమాట చెప్పేద్దారా?”

“చెప్తే మన మనవడు ఎక్కడ పుడతాడే?”

అంబాజీపేటలో బొండాల బండ్లు కనబడేసరికి పద్మావతి కిటికీ మూసేసింది.

రిజిస్ట్రేషనుకి నరసింహమూర్తి తొందరపడ్డాడు. మేష్టారు అంతకన్నా తొందరపడ్డారు. శూన్యమాసమని ఎవరో అంటే ఇద్దరూ కలిసి ఆయన నోరు మూయించారు.

కొత్తపేటలో సామాను సర్దుకున్న వారానికి విజయ వచ్చింది. ఆటో దిగుతూనే దాహమంది. పద్మావతి బోరు కొట్టి, ఇన్నాళ్లూ దాచిన గ్లాసు తళతళా తోమి, నిండా తెచ్చింది.

“అబ్బ, చల్లగా ఉన్నాయమ్మా!” విజయ గటగటా తాగేసి, పొట్ట నిమురుకుంటూ ఇంకో గ్లాసు అడిగింది.

నరసింహమూర్తి పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నాళ్లకో ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది.

దొడ్డివైపు మోపెడ్ ఆగింది. ఏడుకొండలు గెల భుజానేసుకుని లోపలికొచ్చి, కొయ్యబారిపోయాడు.

“తమరిక్కడున్నారేంటండి? మా అత్తారూరెళ్లి ఇయ్యాలే వచ్చేనండి.”

“ఇల్లు మారేం కదటయ్యా. మాకింక వాడుక అక్కర్లేదు. ఆ బొండాలు తీసుకుపో” అన్నాడు నరసింహమూర్తి దర్జాగా.

ఏడుకొండలు గెల కిందకి దించాడు.

“ఇవి తమరివి కాదండి, మేష్టారి వాడుకవండి.”