వందేళ్ల మొక్కజొన్న

తప్పు లెక్కే నిజంతో సరిపోయింది. ఇప్పుడేం చెయ్యాలో లెక్కలమ్మకు పాలుపోలేదు.

లెక్కలమ్మ అంటే పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ మీద పంటలు పండించే శాస్త్రవేత్త. ఆ పేరు పెట్టినవాళ్లే ఎదురుపడితే మేడమ్ అంటారు. ఒక పొలం మట్టి గుణం, అక్కడి ఎండా వానా, వేసే పంటా కంప్యూటర్‌కు అప్పగిస్తే, అది ఆ పొలం మీద వందేళ్లు దొర్లించి చూపిస్తుంది. కప్పులో టీ చల్లారేలోగా వంద పంటలు మొలిచి, ఎదిగి, కోతకొస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది. దేవుడి కుర్చీలో కాసేపు కూర్చుని లేచినట్టు ఉంటుంది.

ఈసారి ఒక రైతమ్మ అడిగిన ప్రశ్న. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ పొలంలో ఏటా మొక్కజొన్నే. ఇక మీదట కూడా అదే వెయ్యొచ్చా, లేక మధ్యమధ్య పప్పు పంటకు మారాలా? ఆమెకున్నది ఆ ఒక్క పొలం చెక్క. దాన్ని చెడనివ్వకుండా కూతురి చేతిలో పెట్టాలని తాపత్రయం. విత్తనాలు కొనే రోజులు దగ్గరపడ్డాయి, జవాబేదో తొందరగా చెప్పమని ఫోను మీద ఫోను చేస్తోంది.

వాళ్ల నాన్న రోజుల్లో చేయించిన మట్టి పరీక్షతో మొదలుపెట్టి లెక్కలమ్మ పొలాన్ని నడిపించింది. తెర మీద గీత బల్లపరుపుగా వచ్చింది. వందేళ్లూ మొక్కజొన్నే, వందేళ్లూ అదే దిగుబడి. ఇన్నేళ్లుగా ఆ పొలం నుంచి గిడ్డంగికి వెళ్లిన పంట తూకాలతో పోల్చి చూస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సంబరపడబోయి నాలుక కరుచుకుంది. ఒక మీట మార్చడం మరిచిపోయింది. దాంతో కంప్యూటర్ ఏడాది తిరగ్గానే పాత మట్టిని పారేసి, మొదటి రోజు మట్టినే మళ్లీ పరుస్తోంది. అంటే ఒక పొలంలో వంద పంటలు కాదు, వంద కొత్త పొలాల్లో ఒక్కో పంట. కొత్తగా చేరినవాళ్లు చేసే పొరపాటది. ఇంత అనుభవం పెట్టుకుని తను చేసినందుకు తన మీదే ఒళ్లు మండింది.

మీట మార్చి మళ్లీ నడిపింది. ఈసారి ఒక ఏడు మట్టిలో ఏం మిగిలితే మరుసటి ఏటికి అదే. గీత మెల్లగా జారడం మొదలైంది. పోనుపోను కంకులు చిక్కిపోయాయి. ఆ తర్వాత గింజే లేదు. ఒక పొలం ప్రాణం పోవడాన్ని ఆమె చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఏడాది విడిచి ఏడాది పప్పు పంట వేసి చూస్తే మాత్రం గీత నిలబడింది.

పప్పు పంటకు మారమని చెప్పేస్తే సరిపోయేదే. కానీ ఈ సరైన లెక్క ప్రకారం ఆ పొలం ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి. అదేమో నిక్షేపంలా పండుతోంది.

పెద్దసారుకు చూపించింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెరకు దగ్గరగా వంగారు.

"పొలంతో కలుస్తున్నది ఏది?"

"తప్పుది, సార్."

"అయితే అదే చెప్పెయ్యమ్మా. మొక్కజొన్నే వేసుకోమను."

"ఎందుకు కలిసిందో తెలియకుండా ఎలా చెప్పను సార్? ఆవిడకున్నది ఆ ఒక్క పొలం."

ఆయన కాదనలేదు. వెళ్లి ఆ మట్టి సంగతేమిటో చూసి రమ్మని జీపు ఇప్పించారు. ఆ పొలాన్ని కాగితాల మీద తప్ప కళ్లతో చూసినవాళ్లు కేంద్రంలో ఎవరూ లేరని అప్పుడే బయటపడింది.

దారి పొడుగునా వాన జాడ లేదు. అక్కడ కురిసేదే అంతంతమాత్రమని లెక్కలమ్మకు కంఠతా వచ్చు. తీరా జీపు ఆగాక చూస్తే, పొలం లేదు. కనుచూపు మేర నీళ్లు. ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

గట్టు మీద కూర్చున్న రైతమ్మ లేచి వచ్చింది. ఎక్కడో కొండల్లో కురిసిన వానకు నది పొంగుతుందట. ఏటా విత్తే ముందు ఇలాగే పొలం మీద పడి, నాలుగు రోజులుండి పోతుందట. పోతూ పోతూ అది వదిలే బురద సర్దుకోలేక నడుములు పడిపోతున్నాయని ఆమె గోల. ఇంటిల్లిపాదీ దాన్ని ఏటేటా వచ్చే పీడ అనుకున్నారే గాని, పంట గురించి అడిగినవాళ్లకు చెప్పాల్సిన సంగతి అనుకోలేదు.

లెక్కలమ్మ చెప్పులు విడిచి, నీటి అంచున వంగి చెయ్యి ముంచింది. వేళ్ల సందుల్లో మెత్తటి ఒండ్రు నిలిచింది. ఏ కొండ మీది మట్టో. కంప్యూటర్‌లో తన పొరపాటు చేసిన పనినే ఇక్కడ ఒక నది ఏటా పనిగట్టుకుని చేస్తోంది. పాత నేల మీద కొత్త నేల పరిచి, తన దారిన తను వెళ్లిపోతోంది. గదిలో కూర్చుని వందేళ్లు తిప్పానని తను మురిసిపోయిన ఆ కుర్చీ ఎంత చిన్నదో తెలిసొచ్చింది. లేచి రైతమ్మ వైపు తిరిగింది.

"నిశ్చింతగా మొక్కజొన్నే వేసుకోండమ్మా," అంది. "ఈ నీళ్లు వచ్చినంత కాలం మీ పొలానికి ఢోకా లేదు. మీ అమ్మాయికే కాదు, ఆమె మనవలకు కూడా పండుతుంది."

రైతమ్మ మొహం విప్పారింది. చేతులు కొంగుతో తుడుచుకుని, లెక్కలమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"చల్లటి మాట చెప్పావు తల్లీ. ఇంక మాకు ఈ బురద బాధ కూడా ఉండదులే. పైన ఆనకట్ట పూర్తయిపోయింది, వచ్చే ఏటి నుంచి చుక్క నీరు ఇటు రాదట."