తీగల మోత

లాంగ్ ఐలాండ్ సైనిక మైదానంలో ఆకు కూడా కదలడం లేదు. మెకానిక్ కెసెల్ పందెపు విమానం ఇంజన్ విప్పి బల్లమీద పెట్టి, షెడ్డు మూసి బయటికొచ్చాడు. అంతలో లోపల, విమానం రెక్కలను బిగించి పట్టుకునే తీగలు మోగాయి. ఆకాశంలో, నిండు వేగంలో మాత్రమే వచ్చే మోత అది.

కాపలావాడు డూగన్ పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఈ చీకట్లో ఎగిరేదెవడ్రా?"

"ఎవడూ లేడు. దానికి ఇంజనే లేదురా!"

తలుపు తీశారు. విమానం నిశ్చలంగా ఉంది, మోత మాత్రం ఆగలేదు. రెక్క తాకితే మబ్బులో తిరిగొచ్చినట్టు తడి. కెసెల్ మూడేళ్లుగా బరువు తగ్గించి, రెక్కలు కురచ చేసినా అందని వేగాన్ని ఆ మోత ఎప్పుడో దాటేసింది. కెసెల్ తెలియకుండానే టోపీ తీశాడు.

"అమ్మో, ఏం వేగంరా!" అన్నాడు డూగన్. "శనివారం పందెంలో దీన్ని నడిపేది మీ తమ్ముడేగా?"

నడి ఆకాశంలో తీగ తెగినట్టు, మోత టక్కున తెగిపోయింది.