పక్కకి ఒక అడుగు

కండక్టరమ్మ ఆ రోజు కూడా ఆసుపత్రి వ్యాయామాల గదిలో గోడవారన బెంచీ మీద కూలబడింది.

"లే అక్కా. ఒక్కసారి చెయ్యి," అంది ఫిజియో అమ్మాయి.

"నా వల్ల కాదు మేడమ్. రేపు చూద్దాం."

ఆ రేపు ఎప్పటికప్పుడు వాయిదా పడుతూనే ఉంది.

కదులుతున్న బస్సులో జారిపడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషనైంది, కుట్లు మానాయి. కాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది.

చెయ్యాల్సిన వ్యాయామం ఒకటే: పక్కకి పెద్ద అడుగు వేసి, ఆ మోకాలు వంచి, ఒంటి బరువంతా దాని మీద ఆనించి మళ్ళీ లేవాలి. కిక్కిరిసిన బస్సులో ఏళ్ల తరబడి ఆమె చేసిన పని దాదాపు అదే.

ఇప్పుడు తలుచుకుంటేనే ప్రాణం మీదికొస్తోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఇంట్లోవాళ్ల ఓదార్పు వినే ఓపిక అసలే లేదు.

"బస్సెక్కలేకపోతే స్టోర్ గదిలో కుర్చీ వేయిస్తాను," అన్నాడు డిపో మేనేజరు, మేలు చేస్తున్నట్టు.

మనిషి మొహం కనబడని ఆ గదిలో కూర్చునే కన్నా ఇంట్లో ముసుగుతన్ని పడుకోవడం నయమనిపించింది.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఆ పెద్దాయన. వెలిసిపోయిన టీషర్టు, వదులు ప్యాంటు, కుంటినడక. వచ్చి ఆమె పక్కనే గోడకున్న కమ్మీ పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఈ పక్కడుగు ఎలా వెయ్యాలో నీకు తెలుసా? ఆవిడ చెప్పింది గానీ నా బుర్రకెక్కలేదు."

"ఆవిడనే అడగండి."

"మళ్ళీ అడిగితే కసురుతుంది."

అడ్డదిడ్డంగా కాలు చాపాడు. మోకాలు లోపలికి వాలింది, మడమ గాల్లోకి లేచింది. ఇప్పుడో అప్పుడో పడేలా ఉన్నాడు.

చూస్తూ ఊరుకోలేకపోయింది.

"అలా కాదు పెద్దాయనా. మడమ నేలకి ఆనాలి. నడుము వెనక్కి పెట్టండి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు."

"మాటలతో ఎక్కదమ్మా. చూపించు."

విసుగ్గా లేచి, బాగున్న ఎడమకాలితో చూపించింది.

"ఎడమవైపు అర్థమైంది. మరి కుడివైపు?"

కుడివైపే ఆమె ఆపరేషన్ కాలు. పళ్ళబిగువున వంచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓహో, అలాగా," అని ఆయన మళ్ళీ తప్పే చేశాడు.

మర్నాడూ అంతే.

"నిన్న చూపించాను కదండీ?"

"నిద్రలో కారిపోయిందమ్మా."

ఆయన ఒక్కోసారి చేస్తూ చేస్తూ తుంటి పట్టుకుని కూర్చుండిపోయేవాడు. మొహమంతా చెమటలు.

"ఈ వయసులో మీకెందుకీ తిప్పలు?"

"ఇంట్లో ఉంటే మా ఆవిడ కూరగాయలు తరగమంటుంది."

నవ్వు రాలేదామెకి. రోజూ ఈయనకి చూపించడమొక వెట్టిచాకిరీ అయింది. కమ్మీ వదిలేసి వంగుతున్నానని కూడా ఆమె గమనించుకోలేదు.

ఒకరోజు డిపో నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. అదే స్టోర్ గది కబురు. ఆమె పెట్టేసేలోగా ఆయన తయారయ్యాడు.

"అమ్మాయ్, కుడివైపు మళ్ళీ మర్చిపోయాను."

వంగి, లేచి, అరిచేసింది. "మీకు చెప్పే బదులు ఈ గోడకి చెప్పినా నేర్చుకునేది. అది తలకాయా, మట్టిబెడ్డా?"



"నిజమేనమ్మా," అని ఆయన మెల్లగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి రాలేదు. పీడ విరగడైందనుకుంది. కాలు మాత్రం అలవాటుగా పక్కకి అడుగు వేస్తూనే ఉంది.

నెలాఖరుకి బస్సెక్కింది. జనం మధ్య పక్కకి వంగి, లేచి, మళ్ళీ వంగి టికెట్లు కొట్టింది. కాలు మాట విన్నది.

డ్యూటీ దిగి, ఆపిల్ పళ్ళు కొనుక్కుని నేరుగా ఆ గదికి వెళ్ళింది.

"పెద్దాయనకి ఇవ్వండి మేడమ్. ఆ రోజు నోరు జారాను."

ఫిజియో అమ్మాయి సంచీ అందుకోలేదు.

"ఆయన పోయారక్కా. పోయిన వారం. క్యాన్సర్ తుంటి ఎముకకి పాకింది. కాలు వంచితే నరకమే."

"తెలిసి తెలిసి ఆయనచేత ఎందుకు చేయించారు?"

"నేనా? నువ్వు బెంచీ దిగడం లేదని నేను ఆయనతో చెప్పుకుని బాధపడితే, తనే బయలుదేరి వచ్చారు. నువ్వు తిట్టిన రోజు నాకు ఫోన్ చేసి, 'ఆ అమ్మాయి కమ్మీ పట్టుకోకుండా లేచింది, ఇక నాతో పనిలేదు' అన్నారు. ఎంత సంతోషపడ్డారో."

కండక్టరమ్మ బెంచీ అంచున కూర్చుంది. పళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"పాపం, చివరిదాకా ఆయనకి ఆ అడుగు రానేలేదు."

"రాకపోవడమేంటక్కా," అంది ఫిజియో అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "కాలేజీలో మాకది నేర్పిన మాస్టారే ఆయన."